పడవవాడు కూర్చున్న కుర్చీ

నేను ఒక వేపకర్ర కుర్చీని. హైస్కూల్లో పదో తరగతి గదిలో ఇరవై ఆరేళ్లు ఉన్నాను. ఇప్పుడు ఒక కాలు విరిగి స్టోర్‌రూంలో గోడకి ఆనుకుని ఉన్నాను. బాధగా ఉందా అంటే, లేదు. మొద్దుబారడం కర్రకి కొత్త కాదు.

మొదట్లో ఇంగ్లీషు చెప్పిన బ్రహ్మాజీ మాస్టారు నా మీద కూర్చునే జవాబులు డిక్టేషన్ చెప్పేవారు. పిల్లలు బట్టీపట్టి, పరీక్షలో అప్పజెప్పి మరిచిపోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కథలో మనిషి చచ్చినా పెళ్లాడినా ఐదు మార్కులే.

ఆయన రిటైరయ్యాక మేరీ సునంద టీచర్ వచ్చారు. నా మీద కూర్చోలేదు సరికదా, నన్ను పిల్లల మధ్యకి లాగారు. పాఠంలోని మనిషిగా ఒకరు నా మీద కూర్చోవాలి, మిగతావాళ్లు నిలదీయాలి.

ఆ రోజు పాఠం, వరదలో పడవ వెయ్యనన్న ముసలివాడి కథ. వైద్యుడు అవతలి ఒడ్డున ఉన్నాడు. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని తల్లి బతిమాలుతుంది. అతను కదలడు, బిడ్డ పోతుంది. ఏడాదిగా ఇంగ్లీషు పీరియడ్‌లో నోరు విప్పని నూకరత్నం పడవవాడిగా కూర్చుంది. నా అంచుల్ని రెండు చేతులా పట్టుకుంది. ఎందుకు వెయ్యలేదని అందరూ దులిపేశారు. నూకరత్నం ఇంగ్లీషులోనే చెప్పింది.

"ఐ నో రివర్. లాస్ట్ ఇయర్ మై సన్ గో. నాట్ కమ్."

పాఠంలో కొడుకు లేడు. టీచర్ దిద్దలేదు. "అదే రాసుకో అమ్మా," అన్నారు. ఆ ఒక్క పూట నాకు గర్వంగా అనిపించింది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి నోటుపుస్తకాలు తిరగేశారు. ఒక ప్రశ్నకి నలభై రకాల జవాబులు. ఏది కరెక్టని అడిగారు. "అన్నీనండి," అన్నారు టీచర్. హెడ్మాస్టారి ముఖం మాడిపోయింది. వారంలోగా అందరి పుస్తకాల్లో ఒకే జవాబు ఉండాలని మెమో వచ్చింది.

మర్నాడు టీచర్ మొదటిసారి నా మీద కూర్చుని డిక్టేషన్ చెప్పారు. గొంతులో జీవం లేదు. కొట్టివేతలు కనపడకూడదని, పిల్లలు మధ్యాహ్న భోజనంలో దాచుకున్న మెతుకులతో పాత జవాబుల మీద కొత్త కాగితాలు అతికించారు. నూకరత్నం అందరికంటే నీటుగా అతికించింది. ఆ తర్వాత ఆ పీరియడ్‌లో మళ్లీ నోరు విప్పలేదు. టీచర్ ఆ వేసవిలోనే బదిలీ అయ్యారు.

ఆ పుస్తకాల కట్టని తర్వాత స్టోర్‌రూంలో నా మీదే పడేశారు. పైన తెరుచుకుని ఉన్నది నూకరత్నానిది. బొద్దింకలు మెతుకులు తినెయ్యడంతో అతికించిన కాగితం ఊడి కిందపడింది. దాని మీది జవాబు ఎవరిదైనా కావచ్చు. దాని అడుగున ఉన్న పేజీలో 'మై సన్ గో' అన్న వంకర అక్షరాలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నా మీద ఆ పడవవాడే కూర్చున్నాడు. కొడుకు ఇంకా రాలేదు.