వెనక వచ్చేవాడి కోసం ఒక బెజ్జం

నేను ఒక బెజ్జాన్ని. నవ్వకండి. సూది బెజ్జానికైనా దారం తోడుంటుంది, నాకు చాలాకాలం అదీ లేదు. ఒక రోడ్ బైక్ వెనక చక్రం ఇరుసుకు కాస్త పైన, ఎడమ వైపు, చట్రంలో దొలిచిన అయిదు మిల్లీమీటర్ల ఖాళీని నేను. లోపల బోల్టు తిరిగి దిగే సన్నటి మరలుంటాయి. మడ్‌గార్డు కడ్డీని బోల్టుతో బిగించడానికి తప్ప మరెందుకూ పనికిరాను.

నాకు ఒకటే కన్ను. ఖాళీగా ఉన్నప్పుడు ఇటూ అటూ కనిపిస్తుంది. బోల్టు దిగితే చూపు పోతుంది. వినికిడి మాత్రం పోదు, చట్రమంతా నాకు చెవే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

అసలు నేను పుట్టకూడదు. ఫ్యాక్టరీలో నా బొమ్మ కాగితం మీద ఉండగానే ఒక ఇంజనీరు నన్ను కొట్టేశాడట. "రేసు బండికి మడ్‌గార్డేమిటి? తీసేస్తే బరువు తగ్గుతుంది" అన్నాడు. పక్క బల్ల దగ్గరున్నావిడ తలెత్తకుండానే, "వాన పడని ఊళ్ళోనే అమ్ముతారా మరి?" అంది. అంతే, నేను బతికిపోయాను. డ్రిల్లు నా గుండా దూసుకుపోయిన క్షణం ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక వైపు నుంచి వెలుగు వచ్చింది, రెండో వైపు నుంచి వెళ్ళిపోయింది. ప్రపంచం ఇంత ఉందా అని నోరు తెరిచాను. ఇప్పటిదాకా మూయలేదు.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు. రోజంతా జనం నోళ్ళలో బెజ్జాలు వెతికి పూడ్చడం ఆయన వృత్తి. నన్ను మాత్రం ఏనాడూ చూడలేదు. చూడకుండానే పూడ్చాడు! సైకిల్‌ని బీచ్ రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి, నలభైసార్లు ఫొటో తీసి, ప్రతి ఆదివారం మైనం పట్టించి గుడ్డతో తుడిచేవాడు. తుడిచిన మైనమంతా కొంచెం కొంచెంగా నా గొంతులో పేరుకుపోయింది. నడిమధ్య సూదిమొనంత సందు మిగిలింది. ఎనిమిదేళ్ళు దాంట్లోంచే లోకాన్ని చూశాను.

తర్వాత గాజువాకలో ఖాజా గారి పాత సైకిళ్ళ దుకాణానికి చేరాను. జూన్ నెల. ఒక సాయంత్రం నూకరత్నం వచ్చింది. హైస్కూల్లో వ్యాయామం టీచరు, ముప్ఫై ఏళ్ళుంటాయి, మెడలో ఇంకా ఈల వేలాడుతోంది.

ఖాజా గారు గేర్లు చూపించాడు. ఆమె చూడలేదు. తేలికని చెప్పి ఒంటి వేలితో సైకిల్ ఎత్తి చూపించాడు. ఆమె చూడలేదు. వరసగా ఒక్కో సైకిల్ వెనక గొంతుకూర్చుని ఇరుసు దగ్గర తడిమింది. టైరుకూ బ్రేకుకూ మధ్య చిటికెన వేలు పెట్టింది. వేలు పట్టకపోతే లేచి పక్కదాని దగ్గరికి వెళ్ళింది.

"ఏం వెతుకుతున్నావమ్మా? పడిపోయిందా ఏమన్నా?"

"మడ్‌గార్డు పట్టే సైకిల్ కావాలండీ. స్పీడూ ఉండాల. నా దగ్గర పాతిక వేలే ఉన్నాయి."

"రోడ్ బైక్‌కి మడ్‌గార్డా! రేసు గుర్రానికి కాడి కడతావా తల్లీ?"

ఆమె అప్పటికే లేచింది. నా దగ్గరికి వచ్చింది. చిటికెన వేలు టైరు మీద సులువుగా పట్టింది. తర్వాత ఆ వేలి గోరు తెచ్చి నా అంచు మీద ఆనించింది.

"ఇదే" అంది.

పుట్టాక నన్ను తాకిన మొదటి మనిషి. నాలో ఎంత మైనముందో ఆమెకు తెలియదు. చెబుదామంటే, ఒళ్ళంతా నోరే అయిన నాకు మాట రాదు.

మడ్‌గార్డు బిగించింది. మూడు చుట్లు తిరిగి బోల్టు ఆగిపోయింది. బిగిసిందనుకుంది. నాకు చీకటి పడింది. ఆ చీకట్లోనే, చట్రం గుండా, ఇదంతా ఎవరి కోసమో విన్నాను.

ఆమె మేనమామ పైడియ్య, అరవై ఒకటో ఏట ఉన్నాడు. పాడేరు ఘాటులో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. "ఎక్కింది ఇంజను. నానెక్కలేదు" అనేవాడు. అందుకని ఒక్కసారి తన కాళ్ళతో ఆ కొండ ఎక్కాలనుకున్నాడు. ఏటా ఆగస్టులో సైకిల్ క్లబ్బువాళ్ళు ఒక సవారీ పెడతారు. లంకెలపాలెం నుంచి పాడేరు అవతల చెక్‌పోస్టు దాకా వెళ్ళి రావాలి. పందెం కాదు, గడువు మాత్రం ఉంటుంది. పొద్దున ఆరుకు బయలుదేరితే పన్నెండూ నలభైలోపు పాడేరు ముద్ర కార్డు మీద పడాలి. నిరుడు ఆయన పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరాడు. వయసన్నారు అంతా. కారణం వయసు కాదు. ఆయన సైకిల్‌కి మడ్‌గార్డులున్నాయి, ముందువాళ్ళకి లేవు. చోడవరం రోడ్డు మీద ఎదురుగాలికి చాటు కావాలంటే ముందువాడి చక్రానికి అంటుకుని పోవాలి. ఆ చక్రం ఎర్రబురద తెచ్చి కళ్ళద్దాల మీద కుమ్మరిస్తుంటే ఆయన వెనకబడ్డాడు. ఆయన వెనకున్నవాళ్ళు మాత్రం బురద చుక్క పడకుండా హాయిగా వచ్చారు. ఆయన అందరికీ గొడుగు పట్టాడు, ఆయనకి పట్టినవాడు లేడు.

ఆ గొడుగు పట్టడానికే నూకరత్నం నన్ను కొంది. ఈ ఏడు కూడా ముద్ర పడకపోతే సైకిల్ అమ్మేస్తానన్నాడట ముసలాయన.

ఆగస్టులో ఆ ఆదివారం వాన కుండపోతగా ఉంది. బయలుదేరే చోట నవ్వులు వినిపించాయి. శశాంక్ అనే కుర్ర ఇంజనీరు గొంతు అన్నిటికంటే పైన ఉంది.

"మేడమ్, కూరగాయల సంచీ ఎక్కడ తగిలిస్తారు?"

"నీ నోటికి తగిలిస్తాను బాబూ, ఖాళీగానే ఉంది గదా."

పైడియ్య గొంతు: "నీ సైకిలు బరువెంత నాయనా?"

"ఏడు కిలోలు అంకుల్!"

"మా బస్సు స్టెప్నీ టైరే అరవై. దాన్ని దొర్లించుకు తిరిగినోణ్ణి. పద."

అనకాపల్లి దాటాక గాలి ఎదురు తిరిగింది. నా పక్కన టైరు నీళ్ళని చీల్చుకుంటూ తిరుగుతోంది, ఆ నీళ్ళన్నీ మడ్‌గార్డుకి కొట్టుకుని కిందికే జారిపోతున్నాయి. ఒక రేకుముక్క ఇంత వరదని ఆపుతుందా, దాన్ని నేను పట్టుకున్నానా! ఒళ్ళు జలదరించింది.

"మావయ్యా, తడుస్తున్నావా?"

"పైనుంచి తడుస్తన్నాను. ముందునుంచి లేదు. నువ్వు తొక్కమ్మీ!"

కాసేపటికి వెనక మరో నాలుగు గొలుసుల చప్పుడు చేరింది. అందులో ఒకటి ఏడు కిలోల సైకిల్‌ది. వానలో పొడి చక్రం ఎక్కడుందో మనుషులు చీమల కంటే త్వరగా కనిపెడతారు.

చోడవరం దాటాక గుంతలు మొదలయ్యాయి. మూడు మరల మీద వేలాడుతున్న బోల్టు సంగతి నా ఒక్కడికే తెలుసు. ఒక్కో గుంతకి కొంచెం కొంచెం జారింది. పట్టుకుందామని చూశాను. ఖాళీ దేన్ని పట్టుకుంటుంది? పెద్ద కుదుపు. వెలుగు!

రెండు నెలల తర్వాత చూపొచ్చింది. ఎంత దిక్కుమాలిన చూపో! కడ్డీ ఊడి చక్రం పుల్లల్లో టకటకా కొట్టుకుంటోంది. నూకరత్నం బ్రేకేసింది. బోల్టు ఏ గుంతలో మునిగిందో ఎవరికీ కనిపించలేదు. పైడియ్య గడియారం చూసుకున్నాడు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు నల్లతాడుతో తలకి కట్టుకున్నాడు. ఆ అద్దాలు శుభ్రంగా ఉన్నాయి.

మిగతావాళ్ళు ముందుకు పోయారు, శశాంక్ మాత్రం ఆగాడు. జాలితో కాదు, గొడుగు ఆగిపోయిందని. "పీకి పారేయండి మేడమ్. ఘాట్ ఇంకా ముందుంది."

"తీసీయమ్మీ" అన్నాడు పైడియ్య. "నాను ఎనకబడితే పడతాను. నువ్వెల్లిపో."

"నేను ఒక్కదాన్నీ వెళ్ళి ఏటి సేస్తాను మావయ్యా?" అంటూనే ఆమె చూపు చట్రం మధ్యలో నీళ్ళ సీసా పెట్టే గూడు మీద పడింది. దాని బోల్టు, నా బోల్టు ఒకటే కొలత. గూడు విప్పి, సీసా చొక్కా వెనక జేబులో కుక్కుకుని, ఆ బోల్టు నాలో పెట్టి తిప్పింది. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయింది.

"ఇందుకే ఊడింది! లోపలేదో ఉంది."

రొమ్ము మీద సవారీ నంబరు గుడ్డకి గుచ్చిన పిన్నీసు పీకింది. బోల్టు తీసి, పిన్నీసు మొనతో నా గొంతు తవ్వింది. డాక్టరు గారి ఎనిమిదేళ్ళ మైనం నల్లగా, ఉండలుగా ఊడి వచ్చింది.

పైడియ్య వంగి చూశాడు. "ఓలమ్మో, దీనికి సెవిలో గుబిలి పట్టింది గదే!"

వానలో ముగ్గురూ నవ్వారు. సైకిల్ పట్టుకుని నిలబెట్టింది శశాంకే. మోచేతుల దాకా బురద. మైనం పోయాక లోకం ఎంత వెడల్పుగా కనిపించిందో చెప్పలేను. వరిమళ్ళు, వాటి వెనక మేఘాల్లో మునిగిన కొండలు, కొండల మీద ఇంకా కొండలు. నాలుగు క్షణాలు చూశాను. బోల్టు దిగింది. ఈసారి ఎనిమిది చుట్లు తిరిగింది. చీకటి.

మాడుగుల దాటగానే కొండ మొదలైంది. ఎక్కుడులో ముందువాడి చాటు పనికిరాదు. ఎవరి కొండ వాళ్ళదే. మనవాళ్ళే ముందు అలిసిపోతారనుకున్నాను. నూకరత్నం ఊపిరి నిజంగానే బరువెక్కింది. కానీ పైడియ్య గొంతు నా పక్కనుంచి ముందుకు జరిగింది.

"ఇక్కడ సెకండ్ గేరు... ఇక్కడ ఆరన్ కొట్టాల... ఈ మలుపులో ఓపాలి ఎద్దు అడ్డొచ్చీసింది, కండక్టరు దిగి దాన్ని బతిమాలుకున్నాడు..."

ఒక్క మలుపు తప్పకుండా చెప్పాడు. ఆ మనిషి కొండని ఎక్కడం లేదు, చదువుతున్నాడు. వెనక శశాంక్ గొలుసు ఆ గొంతు వెంటే వచ్చింది.

ఆఖరి పెద్ద మలుపులో పైడియ్య సైకిల్ చప్పుడు ఆగిపోయింది.

"మావయ్యా! పడిపోయావా?"

"లేదమ్మీ."

"పన్నెండూ ఇరవై ఏడు! చెక్‌పోస్టు ఇంకా రెండు కిలోమీటర్లు! ఎందుకాగావు?"

వాన తెరిపిచ్చినట్టుంది, చట్రం మీద చినుకులు ఆగాయి. ఎక్కడో చాలా కింద నీళ్ళు పారుతున్న చప్పుడు. తర్వాత ఆయన గొంతు వినిపించింది, చాలా మెల్లగా.

"ముప్పై ఏళ్ళు ఈ మలుపు తిప్పాను. ఎడం పక్క లోయ ఉందని తెలుసు. ఒక్కసారీ సూళ్ళేదమ్మీ. యాభై మంది పాణాలు ఎనకాల కూకునుంటే కళ్ళు రోడ్డు మీంచి ఎలా తీస్తాను? నిరుడేమో అద్దాల నిండా బురద." ఆయన సైకిల్ దిగిన చప్పుడు. "రెండు నిమిసాలు. తర్వాత పోతే పోనీ ముద్ర."

నూకరత్నం తొందర పెట్టలేదు. శశాంక్ దాటి వెళ్ళలేదు. ఆ రెండు నిమిషాలు కొండంత పొడుగు.

ఆ లోయ ఎలా ఉందో నాకు తెలియదు. నా కంట్లో బోల్టు ఉంది.

చెక్‌పోస్టు బల్ల మీద ముద్ర ఠప్పున పడింది. "పన్నెండూ ముప్పై ఎనిమిది" అని ఎవరో చదివారు. పైడియ్య నా దగ్గరికి వచ్చి, అరచేత్తో మడ్‌గార్డు మీద రెండుసార్లు తట్టాడు, చల్లబడుతున్న ఇంజను మీద తట్టినట్టు. ఆ తర్వాత ఎవరో నా పక్కనే గొంతుకూర్చున్న చప్పుడు.

"మేడమ్, ఈ బెజ్జం నా సైకిల్‌కి ఎక్కడుంటుంది?"

"నీ దానికి లేదు బాబూ."

"అయ్యో, సరిగ్గా చూడండి మేడమ్!"

ఇదంతా జరిగి ఆరేళ్ళు. నూకరత్నం ఇంటి వరండాలో గోడకి కొట్టిన మేకుకి మా సైకిల్ వేలాడుతోంది. ఖాజా గారి దుకాణంలో ఇప్పుడు కొనేవాళ్ళు ముందు చిటికెన వేలు పెట్టి చూస్తున్నారట. వేసవిలో ఆమె మడ్‌గార్డులు విప్పుతుంది, అప్పుడు నాలోంచి ఎదురింటి గోడ, దాని మీద పిల్లి, ఆకాశం ముక్క కనిపిస్తాయి. బాగానే ఉంటుంది. తొలకరి చినుకు పడగానే పైడియ్య గొంతు గేటు దగ్గర వినిపిస్తుంది: "అమ్మీ, తగిలించీ!"

అదే సీసా గూటి బోల్టు, తుప్పు పట్టినా ఆమె మార్చలేదు. ఎనిమిది చుట్లు తిరుగుతుంది. పిల్లి పోతుంది, గోడ పోతుంది, ఆకాశం పోతుంది.

వెనకాల ఎవరో హాయిగా కళ్ళు తెరుచుకుని వస్తుంటారు.