అగరొత్తుల గొట్టం

“కదలకు,” అన్నాడు హరీష్.

స్నేహలత కదలడం లేదు. ముప్పావుగంట నుంచి ఒక చేత్తో సైకిల్ హ్యాండిల్, ఇంకో చేత్తో ఫ్రేము పట్టుకుని వరండాలో అలాగే నిలబడి ఉంది. కార్బన్ ఫ్రేమును ఇనుప స్టాండుకు బిగిస్తే పగులుతుందని హరీష్ ఎక్కడో చదివాడు. అప్పటినుంచి ఆదివారాలు స్టాండు ఆమే. లోపల కుక్కరు నాలుగో విజిల్ వేసింది. పూజ గదిలో కూర్చున్న అత్తగారు సావిత్రి, “కుక్కరు చూడరాదు, స్నేహా!” అని కేకేసింది గానీ లేవలేదు.

“జర ఆగమ్మా, పట్టుకున్నది,” అన్నాడు హరీష్. ‘పట్టుకున్నది’ అన్న మాటలో భార్య పేరు చెప్పాల్సిన అవసరం కూడా కనబడలేదు అతనికి.

అతనికి హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపు. ఈ ఏడాదే సైకిల్ క్లబ్బులో చేరాడు. సన్నటి సీటు రాడ్డయితే గతుకుల్లో నడుముకు సుఖమని క్లబ్బువాళ్లు చెబితే తెప్పించాడు. ఫ్రేము రంధ్రం ముప్పయ్యొకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు, రాడ్డు ఇరవయ్యేడు. “కంపెనీవోడు తప్పు సైజు పంపిండు,” అని రెండు రోజులు తిట్టాడు. ఆ తర్వాత పాత ట్యూబు ముక్క చుట్టి, గ్రీజు దట్టంగా పూసి దూర్చాడు. కూర్చుంటే జానెడు దిగింది. ఇంకా బిగించాడు. మళ్లీ దిగింది. రేపు పొద్దున క్లబ్బంతా పాకాల దాకా పోవాలి, లారీలు తిరిగే నర్సంపేట రోడ్డు మీద.

స్నేహలత ఏ కాగితాన్నీ చదవకుండా చెత్తలో వేయదు. రాడ్డు డబ్బాలోని కాగితమూ చదివింది. గ్రీజు పూయకూడదని, సన్న రాడ్డుకు తొడిగే బుష్ డబ్బాలోనే ఉందని రాసుంది. డబ్బాలో మాత్రం బుష్ లేదు. మొన్న ఉండబట్టలేక, “దీనికి బుష్ వస్తదండీ, నడుమ వేసేది,” అంది. హరీష్ ముందు గేటు వైపు, తర్వాత పూజ గది వైపు చూశాడు. “ఆ ముచ్చట్లు మీ నెక్కొండల. ఈడ మెల్లగ,” అన్నాడు.

నెక్కొండ స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో ఆమె తండ్రి రాజమల్లు సైకిల్ టాక్సీ దుకాణం నడుపుతాడు. ఒకప్పుడు గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చేవాడు. ఇప్పుడు మిగిలింది పంచర్లు. ఆ పంచర్లే ఆమెను వరంగల్ హాస్టల్లో ఉంచి బీయస్సీ చదివించాయి. సెలవులకు వెళ్తే ఆమె కూడా చక్రం వంకరను కంటితోనే చూసి సరిచేసేది. పెళ్లయ్యాక సావిత్రి చుట్టాలందరికీ, “వియ్యంకులది సైకిళ్ల షోరూం,” అని చెప్పింది. ఆరేళ్లుగా స్నేహలత ఆ షోరూం కూతురుగానే ఉంది.

పెళ్లి ఆల్బంలో ఒక ఫొటో ఉంది. రాజమల్లు అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. స్టూడియో నుంచి ఆ ఫొటో వచ్చిన రోజు సావిత్రి ముక్కు చిట్లించి, “చేతులేంది, మసి పూసినట్టు పడ్డయి,” అంది. తర్వాత చేయించిన ఆల్బంలో ఆ చేతులు తెల్లగా, పిండిలో ముంచి తీసినట్టున్నాయి. ఓసారి రాజమల్లు వచ్చినప్పుడు ఆ పేజీ దగ్గర ఆగాడు. ఫొటో చూశాడు, తన అరచేతులు చూసుకున్నాడు. “మీ అత్త మంచి పనే చేపిచ్చింది తియ్, బిడ్డా,” అని నవ్వాడు. స్నేహలత చాయ్ పెట్టడానికి లేచిపోయింది. ఆ పేజీ గుర్తొచ్చినప్పుడల్లా ఆమె ఆలోచన లోపలే లేచి, ఏదో ఒక పని వెతుక్కుని వెళ్లిపోతుంది.

ఇవాళ వెళ్లడానికి చోటు లేదు. రెండు చేతులూ సైకిల్ మీదే ఉన్నాయి. ఊరికే నిలబడి చూస్తుంటే పూజ గదిలో లక్ష్మీదేవి పటం ముందు ఏదో మెరిసింది. వెండి రంగు గొట్టం, బెత్తెడు పొడుగు, నిలువునా ఒక చీలిక. నిండా బియ్యం పోసి, మూడు అగరొత్తులు గుచ్చి ఉన్నాయి.

బుష్.

“హరీషన్నా, అయిందా లేదా?” గేటు తీసుకుని క్లబ్బు కెప్టెన్ భానుచందర్ వచ్చాడు.

“అయిపోయింది. ఇంకొక్క చుట్టు,” అంటూ హరీష్ అలెన్ కీ మీద ఒళ్లంతా బరువు వేశాడు. ఫ్రేము లోపల సన్నగా టిక్కుమంది. దాని మీద అరచెయ్యి ఆనించి ఉన్నది స్నేహలత ఒక్కతే. ఆ చప్పుడు ఆమె చేతికి తెలిసింది.

“ఆపుండ్రి,” అంది.

సైకిల్‌ను గోడకు ఆనించి పూజ గదిలోకి నడిచింది. అగరొత్తులు తీసి పళ్లెంలో పెట్టి, గొట్టంలోని బియ్యం అందులోనే ఒంపేసింది.

“ఓ స్నేహా! దేవుని ముంగటిది గదనే!”

“సైకిల్‌ది, అత్తమ్మా. డబ్బాల వచ్చింది.”

“నాకేం ఎర్క! వెండి లెక్క మెరిసింది, చీలిక గూడ ఉన్నది. బూడిద రాలనీకె పెట్టిండ్రేమో అనుకున్న.”

భానుచందర్ పగలబడి నవ్వాడు. “నీ బుష్‌కు మూడొద్దుల సంది పూజలైతున్నయన్నా!”

స్నేహలత నవ్వలేదు. కీ అందుకుని, రాడ్డును పట్టి ఉంచే క్లాంపు వదులు చేసింది. రాడ్డు బయటికి లాగి, ట్యూబు ముక్క పీకేసి, గ్రీజంతా పాతగుడ్డతో తుడిచింది. క్లాంపు విప్పి చూసి, కింద ఫ్రేము అంచును గోటితో గీరుతూ పగుళ్ల కోసం వెతికింది. లేవు. బుష్ దించి, కాగితంలో చెప్పినట్టు చీలికకు చీలిక కలిపి, రాడ్డు దూర్చింది. రెండు వేళ్లతో బిగించి ఆగింది. “మీ కాడ బిగువు కొలిచే పానా ఉన్నదట గదా అన్నా, రేపు పోయే ముందు ఐదు అంకె మీద పెట్టి ఒక్కసారి చూడుండ్రి,” అంది.

భానుచందర్ సీటు మీద బరువంతా వేసి ఊగాడు. దిగలేదు. “వదినా! ఏడ నేర్సుకున్నరు?”

“యూట్యూబ్‌ల చూసుంటది,” హరీష్ గబుక్కున అన్నాడు. తప్పించుకోవడానికి దారి వేసి ఇచ్చాడు. ఆరేళ్లుగా ఆమె నడిచిన దారే అది.

“మా నాయిన కాడ. నెక్కొండల పంచర్లేస్తడు.”

సావిత్రి బియ్యం ఏరడం ఆపింది. హరీష్ అలెన్ కీ మళ్లీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. “అందుకే గింత పర్ఫెక్ట్,” అన్నాడు భానుచందర్, నిజంగానే మెచ్చుకుంటూ.

మెప్పు ఆమె చెవికి గుచ్చుకుంది. అత్త దాచమన్నది బయటపెట్టింది. తాను దాచింది ఇంకా లోపలే ఉంది. ఇంత తేలికైన సగం చెప్పి మెప్పు పొందడం ఇంకా సిగ్గనిపించింది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపింది. వేళ్ల గీతల్లో గ్రీజు నల్లగా దిగబడి ఉంది. కడుక్కోకుండానే ఫోన్ తీసింది. తెర మీద నల్లటి వేలిముద్ర పడింది.

అవతల ఎవరికో గాలి కొడుతున్న పంపు చప్పుడు. “ఏం బిడ్డా, మంచిగున్నవా?”

“నాయినా,” అంది స్నేహలత, “ఆల్బంల నీ చేతులు తెల్లగ చేపిచ్చింది అత్తమ్మ కాదు. నేనే.”