ఎర్ర కారులో వచ్చిన అత్త

మా ఊరి కౌన్సిల్‌కు నేను ఎన్నికైన ఏడాది నా వయసు అరవై రెండు. అంతకుముందు ముప్ఫై ఏళ్లు బడి వంటగదిలో పిల్లలకు వడ్డించినదాన్ని. అందుకే కాబోలు, "పిల్లల కమిటీ అయితే నీకు సరిపోతుంది గ్లెండా" అని నన్ను అందులో వేశారు.

కన్నవాళ్ల దగ్గర ఉండే వీలులేక కౌన్సిల్ పెంపకంలోకి వచ్చిన పిల్లలకు, పద్దెనిమిది నిండి ఆ పెంపకం నుంచి బయటికి వెళ్లిన వాళ్లకు అందవలసినవి అందుతున్నాయా లేదా అని మూడు నెలలకోసారి కూర్చుని చూడడం ఆ కమిటీ పని. చట్టం ప్రకారం వాళ్లకు తల్లీ తండ్రీ మేమే. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు భయం వేసింది. నాకూ మా ఆయన రాయ్‌కీ పిల్లలు లేరు. రాయ్ పోయి అప్పటికి రెండేళ్లు.

కాగితాలు తెచ్చి చదివేది రోవెనా అనే అధికారిణి. బాగున్న గడికి ఆకుపచ్చ రంగు, బాగాలేని గడికి ఎరుపు. "బయటికి వెళ్లిన వాళ్లలో నూటికి తొంభై నాలుగుమందితో సంబంధంలో ఉన్నాం" అన్న గడి ఎప్పుడూ ఆకుపచ్చే. అది రాగానే మా అధ్యక్షుడు మాల్కం "శభాష్" అని పేజీ తిప్పేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "సంబంధంలో ఉండడమంటే ఏమిటి?"

"అంటే మాట్లాడుతూ ఉన్నామని" అంది రోవెనా.

"ఎవరు మాట్లాడుతున్నారు? ఇంటికి వెళ్లా, ఫోన్‌లోనా?"

"గ్లెండా, అవతల నీ టీ చల్లారిపోతోంది" అన్నాడు మాల్కం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి కోటు విప్పుతుంటే మాత్రం సిగ్గనిపించింది. మర్నాడు రోవెనాకు ఫోన్ చేసి, ఆ తొంభై నాలుగుమందిలో ఒప్పుకున్నవాళ్లను ఒక్కరినైనా చూడాలన్నాను. మూడు వారాలకు ఒక పేరు వచ్చింది. టీగన్, పందొమ్మిదేళ్లు.

నవంబర్ నెల, వదలని తుంపర. నాలుగో అంతస్తులో తలుపు తీసిన పిల్ల టోపీ, కోటు వేసుకుని ఉంది. ఎక్కడికో బయల్దేరుతోందనుకున్నాను.

"బాయిలర్ బాగుచేసే ఆవిడ మీరేనా?"

"కాదమ్మా. కౌన్సిల్ నుంచి."

"మరి ఉత్తరంలో ఎవరో వస్తున్నారంటే బాయిలర్ మనిషనుకుని సరేనన్నాను. రండి, కోటు మాత్రం విప్పకండి. అది పనిచేయక బయటికంటే లోపలే చలి."

ఒకటే గది, ఒకటే కుర్చీ. అందులో నన్ను కూర్చోబెట్టి తను మంచం మీద కూర్చుంది. నేను తెచ్చిన అల్లం కేకు చూసి, "మీరే చేశారా, కొన్నారా?" అంది.

"చేశాను."

"అయితే తింటా. కొన్నదైతే ఇంకా ఎక్కువ తినేదాన్ని" అని నవ్వింది.

ఆమె బాగోగులు చూడవలసిన ఉద్యోగి ఏప్రిల్‌లో మానేసిందట. కొత్త మనిషిని టీగన్ ఇంకా చూడనేలేదు. "అప్పుడప్పుడూ మెసేజ్ వస్తుంది, ఎలా ఉన్నావని. బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పంపిస్తా. పీడా పోతుంది."

ఆ బొటనవేలే మా ఆకుపచ్చ గడి అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆగస్టులో ఈ పిల్లకు కడుపునొప్పి వచ్చి అపెండిక్స్ తీసేశారు. మర్నాడు ఇంటికి పంపేటప్పుడు నర్సు, "తీసుకెళ్లడానికి ఎవరొస్తున్నారు? ఒంటరిగా పంపం" అందట. మానేసిన ఉద్యోగి నంబరుకు చేస్తే అది పనిచేయలేదు.

"మరేం చేశావు?"

"మా అత్త కింద కారులో ఉందని చెప్పా."

"మీ అత్తా?"

"నాకు అత్తెవరండీ! అత్త అంటే నమ్ముతారని. ఆ నర్సు మంచిదే, వదల్లేదు. ఏ కారు అంది. ఎర్రది అన్నా. పేరేంటి అంది. లిన్ అన్నా. కుట్లు నొప్పిగా ఉన్నాయి, అంతకంటే మంచి పేరు తట్టలేదు." నవ్వబోయి ఆగింది. "రెండు బస్సులు మారి వచ్చా. రెండో బస్సులో ఒకాయన సీటిచ్చాడు. కడుపు పట్టుకున్నాగా, గర్భవతిననుకున్నాడు."

ఆ పిల్ల నవ్వడానికి చెప్పింది. నేను నవ్వలేకపోయాను. ఆసుపత్రి కాగితంలో దగ్గరివాళ్ల పేరు రాసే గడిలో ఏం రాశావని అడిగితే, గీత గీశానంది. నా కాగితాల్లో అక్కడ ఇంకా రాయ్ పేరే ఉంది. మార్చడానికి ఇంకో పేరు లేక వదిలేశాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

డిసెంబర్ సమావేశంలో ఆకుపచ్చ గడి రాగానే నేను లేచి నిలబడ్డాను. పేరు చెప్పకుండా అంతా చెప్పాను. కుట్లు, రెండు బస్సులు, ఎర్ర కారు, లిన్ అత్త. చివరి వరసలో ఒకాయన ఎర్ర కారు దగ్గర చిన్నగా నవ్వాడు. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు. మాల్కం పేజీ తిప్పలేదు. ఇకమీదట మెసేజ్‌కు జవాబును లెక్కలోకి తీసుకోకూడదని, మనిషిని మనిషి కళ్లతో చూసి ఉండాలని తీర్మానం చేశాం. ఆరోజు ఇంటికి నడుస్తుంటే ఏదో సాధించానని ఒళ్లంతా వెచ్చగా ఉంది.

మర్నాడు ఆ వెచ్చదనం ఏమీ మిగల్లేదు. ఆగస్టులో ఆపరేషన్ అయింది ఎవరికో కనుక్కోవడం ఆఫీసువాళ్లకు ఎంతసేపు? ఒక్క రోజులో ముగ్గురు టీగన్‌కు ఫోన్ చేశారట. ఆసుపత్రిలో అబద్ధం ఎందుకు చెప్పావని ఒకామె ఫారం కూడా నింపిందట. ఈ సంగతి రోవెనానే నాకు చెప్పింది, మంచి కబురు చెప్పినట్టు.

వెంటనే బయల్దేరి వెళ్లాను. తలుపు తీయలేదు. లోపల అడుగుల చప్పుడు వినిపించింది.

"టీగన్, నేను గ్లెండాను."

"తెలుసు."

"నీ పేరు చెప్పలేదమ్మా."

"ఎర్ర కారు సంగతి చెప్పారా?"

"చెప్పాను."

"ఎవరైనా నవ్వారా?"

లేదని చెప్పేయవచ్చు. "ఒకాయన నవ్వాడు" అన్నాను.

"చిన్నప్పట్నుంచీ నా సంగతులన్నీ ఫైళ్లలోనే ఉన్నాయి. నేను దేనికి ఏడ్చానో, పక్క ఎప్పుడు తడిపానో, అన్నీ. ఇదొక్కటి లేదు. కేకు పెట్టారు కదాని మీకు చెప్పా."

"తప్పు నాదే. నిన్ను అడగకుండా చెప్పి ఉండకూడదు."

"ఊఁ."

"మళ్లీ రానా?"

"వద్దండి." కోపం కూడా లేదు ఆ గొంతులో. బాగా అలిసిపోయినట్టు ఉంది. "బాయిలర్ మాత్రం బాగుచేశారు, ఇవాళ పొద్దున. చెప్పకపోతే బాగుండదని చెప్తున్నా."

వద్దన్న చోటికి మళ్లీ వెళ్లలేదు. ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రాసింది చదువుకుంటే, నన్ను క్షమించమని ఆ పిల్ల మీద ఇంకో బరువు పెడుతున్నట్టు అనిపించి చించేశాను.

మార్చి సమావేశానికి, కొత్త లెక్క ప్రకారం, తొంభై నాలుగు కాస్తా యాభై ఒకటి అయింది. గడి ఎర్రగా ఉంది. మాల్కం ముఖం మాడ్చుకుని, "చూశావా గ్లెండా, నీ పుణ్యం" అన్నాడు. ఎరుపు చూస్తేగానీ పైవాళ్లు ఇంకో ఇద్దరు ఉద్యోగులను ఇవ్వరని రోవెనా మెల్లగా అంది. నిజంగానే ఇచ్చారు. ఆ యాభై ఒక్కరిలో టీగన్ ఉందో లేదో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆమె ఫైలు మళ్లీ తెరుస్తారు. ఊరుకున్నాను.

మే నెలలో ఒక శనివారం, సంత నుంచి వస్తూ బస్సెక్కాను. వెనక సీట్లో టీగన్ ఉంది. పక్కన నడివయసు ఆవిడ ఒకరు, ఇద్దరి మోకాళ్ల మీదా అడ్డంగా, చుట్ట చుట్టిన తివాచీ. ఆవిడ ఆపకుండా ఏదో చెబుతోంది, టీగన్ "మీరు ఊరుకోండి, నేను మోయగలను" అంటోంది. కొత్తగా వచ్చిన ఉద్యోగో, పక్కింటామో, ఎవరో నాకు తెలియదు.

టీగన్ నన్ను చూసింది. ఎప్పుడో ఒకసారి పలకరించిన మనిషిని చూసినట్టు చూసి, కిటికీ వైపు తిరిగింది.

నేను గంట నొక్కి, నా స్టాపుకు ముందు స్టాపులోనే దిగిపోయాను. సంచిలో బంగాళాదుంపలు బరువుగా ఉన్నాయి. చెయ్యి మార్చుకుంటూ ఇంటిదాకా నడిచాను.