పోతమ్మ తెల్లమొహం

"మీ అమ్మగారికి ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువే ఇచ్చాను. చూస్తే మతిపోతుంది!" అన్నాడు ఫోన్లో ఫొటోగ్రాఫర్ శ్రీరామ్మూర్తి.

ఫిషింగ్ హార్బర్ ఎస్టీడీ బూత్‌లో, మరబోటు ఇంజను మోతలో, ఎల్లాజీ చెవికి అది "ఎక్స్‌పోజింగ్" అని చేరింది. ఎక్స్‌పోజింగ్ అంటే ఏమిటో, తొంభై ఏడులో వైజాగ్‌లో సినిమా హాలు గుమ్మం తొక్కిన ప్రతివాడికీ తెలుసు. డెబ్భై ఏళ్ల తల్లికి ఎక్స్‌పోజింగా? మతి చూడకుండానే పోయింది.

"అమ్మా! ఆ ఫొటోలాయన నిన్నేటి సేసినాడే?"

పోతమ్మ చేపల గంప మీంచి తలెత్తింది. "గెడ్డం పట్టుకుని మొకం ఇటు తిప్పినాడు. నవ్వమన్నాడు. ఏం?"

అంతే. రెండు ఆటోల జనం మద్దిలపాలెం స్టూడియో మీదికి బయల్దేరింది. పోతమ్మ కూడా ఎక్కింది, గొడవ కోసం కాదు, ఫొటో కోసం. వాళ్ల పేటలో పెద్దవాళ్లు బతికుండగానే ఒక ఫొటో తీయించి, పటం కట్టించి దాచుకుంటారు. పోయాక దండ పడేది దానికే. ఆమె మొగుడికి ఆ ముందుచూపు లేకపోయింది. సముద్రం అతన్ని తీసుకుపోయాక గోడకి మేకు మిగిలింది, మొహం మిగల్లేదు. తాత ఎలా ఉండేవాడని మనవలు అడిగితే, ఆమె దగ్గర మాటలే ఉన్నాయి. తన వంతుకైనా మేకు ఖాళీగా ఉండకూడదు.

జనం గుమ్మంలో ఆగారు. ఎల్లాజీ లోపలికెళ్లి శ్రీరామ్మూర్తి కాలరు పట్టుకున్నాడు. "తియ్యి ఫొటో!"

"తీశాను కదండీ!"

"బయటికి తియ్యి!"

కవరులోంచి ఫొటో వచ్చింది. తెల్ల తెర, తెల్ల చీర, మెడదాకా నిండుగా కప్పిన కొంగు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎల్లాజీ తెల్లమొహం వేశాడు. ఫొటోలో అతని తల్లి అంతకన్నా తెల్లమొహం వేసి ఉంది.

పోతమ్మ లాక్కుని చూసింది. ముక్కు తెరలో కలిసిపోయింది. నుదుటి మీద పచ్చబొట్టు లేదు. ఎండా ఉప్పూ కూడబలుక్కుని గీసిన గీతల్లో ఒక్కటీ లేదు.

"ఎవులిది?"

"మీరేనమ్మా! దీన్ని హై కీ అంటారు. తెర మీదికి రెండు లైట్లు, మీ మీద మెత్తటి వెలుగు, అంతా తెలుపే. ఆ పైన లెన్సు కూడా రెండు గీతలు ఎక్కువ తెరిచాను. ఎక్స్‌పోజర్ అంటే అదే, వెలుగు ఎంత పడాలన్న లెక్క, మీ అబ్బాయికి ఫోన్లో చెప్పిందీ అదే. మా దగ్గర అందరికీ అంతే. ఎవరొచ్చినా తెల్లగా రావాలనే అంటారు."

"అందరూ అంటారు. నానన్నానా?"

"అందం కోసమని..."

"అంటే నా మొకం బాగునేదా?" పోతమ్మ గొంతుకి గోడ మీది ఫొటోలు అదిరాయి. "నా పెనిమిటి మెచ్చి మనువాడింది ఈ నలుపునే బాబూ! నాను పోతే నా మనవలు ఎవుల్ని సూసి ఏడాల? ఈ పిండిబొమ్మనా? సముద్రం ఆయన్ని తీసుకుపోయింది, దాన్నడగనేకపోయినాను. నువ్వు నన్ను తీసుకుపోతే అడగనేటి?"

శ్రీరామ్మూర్తి ఆ ఫొటో వెనక్కి తీసుకున్నాడు. కెమెరా వైపు నడుస్తూ అడిగాడు: "మళ్లీ తీస్తానమ్మా. తెల్ల తెర ఉంచనా, వద్దా?"

"ఉంచు. అది బాగుంది. తెలుపు నా ఎనకాలుండాల. నా మీద కాదు."

అతను వెలుగు కొలిచే లైట్ మీటరు ఆమె చెంప దగ్గర పెట్టి చూశాడు. అది ఎంత చెబితే అంత వెలుగే ఇచ్చాడు, ఒక్క గీత కూడా దానం చేయలేదు.

"కొంచెం నవ్వండి."

"నవ్వను. కోపంగా ఉన్నాను. ఎలగున్నానో అలగే తియ్యి."

క్లిక్‌మంది. గుమ్మంలో జనం ఇంకా గోల చేస్తూనే ఉన్నారు: "బట్టలు తీసినోడేడీ? బయటికి తోలండి!"

పోతమ్మ కొంగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నోర్ముయ్యండొరే! ఎక్స్‌పోజింగ్ కాదంట, ఎక్స్‌పోజరంట. ఎలుగు ఎంత పడాలన్న లెక్కంట. మావోడు బోటు మోతలో అలగిన్నాడు. ఈయన నా బట్ట తియ్యనేదు, నా రంగు తీసినాడు. దానికి నాను తిట్టేసినాను. మీరు కొట్టక్కర్నేదు."