చెవిలో అన్న మాట

స్టూడియోలో అందరూ ఆమెను చక్కెరమ్మ అంటారు. టీవీ సీరియళ్ళలో అన్నీ ఓర్చుకునే కోడళ్ళకు గొంతిచ్చి ఇచ్చి తెచ్చుకున్న పేరది. ఇప్పుడు కొత్త సీరియల్ వచ్చింది. ఒకే ఇంటికి కోడళ్ళైన కవలల కథ. ఒకతి నోట్లో నాలుక లేనిది, ఇంకొకతి నిలువెల్లా విషం. తెర మీద ఇద్దరూ ఒకే నటి కాబట్టి గొంతు కూడా ఒకరిదే ఉండాలన్నాడు డబ్బింగ్ డైరెక్టర్.

మంచిదాని మాటలు పొద్దున్నే అయిపోయాయి. చెడ్డదాని దగ్గరే బండి ఆగింది. మంచం పట్టిన అత్త చెవిలో ఆ చెడ్డది ఓ మాట అనాలి. చక్కెరమ్మ అరిచింది, పళ్ళు కొరికింది, వికటంగా నవ్వింది. డైరెక్టర్ తల పట్టుకున్నాడు.

"అమ్మా తల్లీ, అరిస్తే ఎవరికండీ భయం? పక్కగదిలో మొగుడున్నాడు. వాడికి వినబడకూడదు, ముసలిదానికి మాత్రం తగలాలి. మీ వల్ల కాకపోతే చెప్పండి, ఇద్దరికీ వేరే మనిషిని చూసుకుంటాను."

రెండు పాత్రలూ పోతాయనేసరికి ఆమె ఇంకోసారి చేస్తానంది. మైకు దగ్గరికి జరిగి, పెదవులు కదిలీ కదలకుండా, జోకొడుతున్నంత మెల్లగా అంది: "ఇంకా ఎన్నాళ్ళు తింటావే మమ్మల్ని?"

ఒక్క దెబ్బకి ఓకే అయిపోయింది. "ఒళ్ళు జలదరించిందండీ. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?" అన్నాడు డైరెక్టర్.

ఎక్కడ దాస్తుంది? ఇంట్లోనే. పక్షవాతంతో పడున్న అత్తగారికి పక్క మారుస్తూ, మొగుడు స్నానానికి వెళ్ళినప్పుడల్లా, ఆవిడ చెవిలోనే. కాగితం మీద మాట రచయితది. ఆ అనే తీరు మాత్రం అచ్చంగా ఆమెదే. బాత్‌రూమ్‌లోకెళ్ళి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. నోట్లో బల్లి పడ్డట్టే ఉంది. తన గొంతంటే తనకే డోకొచ్చింది. ఛీ, ఆ డోకు రావడానికి మైకు కావాల్సొచ్చింది మహాతల్లికి.

అసహ్యం వెనకే భయమూ పట్టుకుంది. "నా పెళ్ళాం మా అమ్మని పసిపిల్లలా చూసుకుంటుంది" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునే మొగుడాయె. సంగతి తెలిస్తే ఇక ఆమె మొహం చూడడు. అత్తగారు ఇన్నాళ్ళూ కొడుకుతో పల్లెత్తు మాట అనలేదు. టీవీలో ఆ మాట వింటే ఊరుకుంటుందా?

సీరియల్ మొదలయ్యే సాయంత్రం టీవీ పాడైందని అబద్ధమాడింది. మొగుడు ఊడిన వైరు పెట్టేసి, తల్లిని దిండుకి ఆనించి కూర్చోబెట్టాడు.

"అమ్మా, ఇందులో నీ కోడలి గొంతుంది. ఏ గొంతో చెప్పుకో చూద్దాం."

తెర మీద చెడ్డది అత్త చెవి దగ్గరికి వంగింది. ఆ మాట గదిలో వినబడింది. ముసలావిడ తెర వైపు చూడనే లేదు. బాగున్న చేత్తో దుప్పటి మెడదాకా లాక్కుని, పక్కన నిలబడ్డ కోడలి వైపు చూసింది.

"ఇదే," అంది.

"ఇట్టే పట్టేశావే." కొడుకు నవ్వాడు. "ఇంకొకటి కూడా ఉంది, విను."

ఈసారి మంచిది అత్త కాళ్ళు ఒత్తుతూ, "నేనున్నానుగా అత్తయ్యా, దిగులు పెట్టుకోకండి" అంది. ఎంత తియ్యగా ఉందో. ముసలావిడ శ్రద్ధగా విన్నది. వంకరపోయిన నోటితో ఒక్కొక్క మాటా కూడదీసుకుంది.

"కాదురా. ఈ పిల్లెవరో నాకు తెలీదు."

కొడుకు నవ్వు సగంలో ఆగింది. దుప్పటి ఇంకా తల్లి పిడికిట్లోనే ఉంది. అతను దాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, లేచి టీవీ కట్టేశాడు.

"ఇవాళ్టి నుంచి అమ్మకి పక్క నేను మారుస్తాను," అన్నాడు.