గ్లాసులో చెమట

కుట్టు స్కూలు వరండాలో కొత్త టైల్స్ పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ఒళ్ళు మండింది. రోగి బతికుండగానే పాడె కట్టినట్టుంది వ్యవహారం.

"మా నాన్న వేయించిన ఎర్రమట్టి పలకలమ్మా ఇవి," అంది స్కూలు నడిపే మేడమ్, హాలు తలుపు తీస్తూ. "పైన ఎన్నిసార్లు పెయింట్ కొట్టించామో లెక్కే లేదు. ఇప్పుడు చూడు, అడుగంటిన గిన్నెలా ఉంది. బాగుచేయగలవా?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అల్లుడు అందుకున్నాడు. "పళ్ళ డాక్టరు క్లినిక్‌లో నేలకు సున్నం కొట్టింది మీరే కదూ? సున్నమ్మ అంటే మీరేనా?"

నాకు తల తీసేసినట్టయింది. పోనీ అబద్ధమా అంటే అదీ కాదు. మట్టి పలక నీళ్ళు తాగుతుంది, తాగినదాన్ని తీరిగ్గా వదులుతుంది. వదలకముందే పైన నీళ్ళు ఇంకనివ్వని సీలర్ పూసి మూత పెట్టేశామా, లోపలి తడి ఉప్పును పైకి తోసి నేలంతా తెల్లమచ్చలు చేస్తుంది. నాకు తెలియక కాదు. మా అత్త ముప్పై ఏళ్ళు మోకాళ్ళ మీద ఇదే పని చేసి నాకు నేర్పింది. కడిగిన నేల మీద సాయంత్రం గాజు గ్లాసు బోర్లించి, పొద్దున చూడమనేది. లోపల చెమట పట్టిందంటే నేల ఆరలేదన్నమాట. క్లినిక్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా అని నేను గ్లాసు సంగతే మరిచాను. నాలుగు నెలలుగా ఒక్కరూ నన్ను పనికి పిలవలేదు.

"శనివారం దాకా టైమిస్తున్నా," అన్నాడు అల్లుడు. "ఆరోజు మధ్యాహ్నానికి పని తేలకపోతే మా మేస్త్రీలు దిగుతారు. సోమవారం కొత్త బ్యాచ్ మొదలు."

ఇదీ చెడితే ఈ పనిలో నా పేరు సున్నమ్మగానే మిగిలిపోతుంది. ఒప్పుకున్నాను.

మా అత్త కూడా వచ్చింది. మోకాళ్ళు వంగవు గానీ నోటికి ఏ నొప్పీ లేదు. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, "ఆ మూల ఎవరు గీకుతారే, మీ పుట్టింటివాళ్ళా?" అంటూ పని చేయించింది. పెయింట్ కరిగే మందు పూసి, నాననిచ్చి, గీకాను. ఎరుపు కింద పచ్చ, పచ్చ కింద మళ్ళీ ఎరుపు, దాని కింద ఎన్నేళ్ళదో మైనం. బ్రష్‌తో రుద్ది, మురికినీళ్ళు మెషీన్‌తో లాగేసి, మళ్ళీ కడిగాను. మూడో రోజు ఒక పలక మీద కోడి కాలిముద్ర బయటపడింది. పచ్చిమట్టి మీద ఎప్పుడో నడిచి పోయిన కోడి! మేడమ్ నేల మీద చతికిలబడి, "చిన్నప్పుడు దీని మీదే కాలు పెట్టి ఆడుకునేదాన్ని," అని కళ్ళు తుడుచుకుంది. నాకు కడుపు నిండిపోయింది.

శుక్రవారం సాయంత్రం అయిదు గ్లాసులు బోర్లించాం. నాలుగు మేడమ్ వంటింట్లోవి, ఒకటి మా అత్తది, నీలం గీతలున్న మందపాటి గ్లాసు. శనివారం పొద్దున అందరికంటే ముందు నేనే హాల్లోకి వెళ్ళాను. నాలుగు గ్లాసులు పొడిగా ఉన్నాయి. కిటికీ పక్క మూలన బోర్లించిన అత్త గ్లాసు లోపలంతా చెమట.

హాల్లో నేను తప్ప ఎవరూ లేరు. కొంగుతో ఒక్కసారి తుడిస్తే చాలు, గ్లాసు పొడి, పని పూర్తి, మచ్చలు తేలడానికి నెల పడుతుంది. కొంగు చేతిలోకి తీసుకున్నాను కూడా. క్లినిక్ నేల కళ్ళ ముందు కదిలింది. కొంగు వదిలేసి, "అందరూ ఒకసారి లోపలికి రండి!" అని గట్టిగా కేకేశాను.

గ్లాసు చూసి అల్లుడు నవ్వాడు. "ఒక్క మూలే కదా, పూసేయండి. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు నాయనా," అంది మా అత్త.

"ఈరోజు పూయను," అన్నాను. "నాలుగు చోట్ల ఆరిన నేల ఇక్కడే ఎందుకు ఆరలేదు? ఈ గోడ వెనక ఏముంది?"

"చేతులు కడుక్కునే సింకు," అంది మేడమ్.

ప్లంబర్ వచ్చి గోడ పగలగొట్టాడు. పైపు జాయింటు నుంచి చుక్క చుక్కగా నీరు కారుతోంది. లోపలి ఇటుకలు నల్లబడిపోయాయి. "ఎన్నేళ్ళ నుంచి కారుతోందో! దీని మీద కొత్త టైల్స్ వేసుంటే ఏడాది తిరక్కుండా ఊడొచ్చేవి," అన్నాడు.

అల్లుడు వరండాలోని పెట్టెల వంక చూశాడు. "నేల ఆరేదాకా వరండాలోనే కుడతాం. నీకెన్ని రోజులు కావాలో తీసుకో," అంది మేడమ్.

పైపు బాగుచేయించిన పదకొండో రోజున మూలన బోర్లించిన గ్లాసు పొడిగా కనిపించింది. అప్పుడు పూశాను. పలక తాగినంత తాగనిచ్చి, మిగిలింది గుడ్డతో తుడిచి, మర్నాడు రెండో పూత. తలుపులు తీసేసరికి హాలంతా నిండు ఎరుపు. కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఎవరూ చెప్పకుండానే వట్టి కాళ్ళతో లోపలికొచ్చారు. గెలిచాను! నాకు గంతులేయాలనిపించింది.

అల్లుడు నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, మా పడగ్గదిలో కూడా ఇవే పలకలుండేవి. పైన టైల్స్ వేయించేశాను. తీసి చూస్తారా?"

"చూద్దాం తమ్ముడూ. ముందు గోడ వెనక ఏముందో చెప్పు," అన్నాను.

మా అత్త తన గ్లాసులో నీళ్ళు తెచ్చి ఆ మూలన ఒంపింది. నీళ్ళు ఇంకకుండా పలక మీద గుండ్రంగా నిలబడ్డాయి. వంగని మోకాళ్ళను బలవంతాన వంచి, కూర్చుని, అరచేత్తో పలకను తడిమింది.

"నేను కొంగు పట్టుకోవడం చూశారా అత్తయ్యా?" అని మెల్లగా అడిగాను.

"కిటికీలోంచి చూశాను. వదిలేయడం కూడా చూశాను." గ్లాసు తుడిచి నా చేతిలో పెట్టింది. "రేపటి నుంచి నేను రానే. ఇది నీ దగ్గరే ఉంచుకో."