రెండు పూటల దూరం

మూత, చెంచా, రుమాలు. మళ్లీ మూత, చెంచా, రుమాలు. విమానాలకు భోజనం పంపే వంటశాలలో ఇరవై రెండేళ్లుగా ట్రేలు సర్దుతున్న అతని చేతులు వాటంతటవే నడుస్తున్నాయి. తలకు జాలీ టోపీ, చలిగదిలో పగిలిపోయిన వేళ్లు. ఒక్కనాడూ విమానం ఎక్కింది లేదు గానీ, ఏ ఊరు ఎంత దూరమో ట్రే చూసి చెప్పేస్తాడు. రెండు భోజనాలుంటే పది గంటల పైమాటే. ఒకటైతే ఆరేడు. ఉత్త బన్నూ పళ్లరసమూ అయితే మూడు దాటదు. ఎక్కినవాడు ఆకలేసేలోపే దిగిపోతాడు.

ఆ పూట అతని మనసంతా ఇంట్లో మంచం దగ్గరే ఉంది. తల్లి పోయాక తననూ తమ్ముణ్ణీ పెంచిన అక్క, వారం నుంచి "చిన్నోడొచ్చాడా?" అని ఒకటే కలవరింత. "రెండు పూటలు గాల్లోనే తినాలక్కా, అంత దూరం," అని తమ్ముడి తరఫున తనే వకాల్తా పుచ్చుకునేవాడు. పదకొండేళ్లుగా ఇటు తొంగిచూడని తమ్ముడు చెప్పిన మాటే అది.

కొత్త బండి ఒకటి వచ్చి ఆగింది. చీటీ మీద తమ్ముడుండే ఊరు. దాని కింద ఒక బన్ను, ఒక పళ్లరసం.

"మేస్త్రీ, చీటీ తప్పు పడింది. దీనికి రెండు భోజనాలుండాలి."

"రెండా? ఎక్కేది బకాసురులా బాబాయ్? రెండుంపావు గంటల ప్రయాణమది. ఇన్నేళ్లూ పక్క వంటశాలవాళ్లు పంపారు, ఇవాళ్టి నుంచి మన వంతు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది. బన్ను ట్రేలో పెట్టి మూత వేశాడు.

టీ వేళకు ఫోన్ చేశాడు.

"ఎన్ని గంటల ప్రయాణంరా చిన్నోడా?"

"ఎన్నిసార్లు చెప్పాలన్నయ్యా, రెండు పూటలు..."

"ఆ విమానానికి తిండి సర్దింది నేనేరా."

"అప్పుడెప్పుడో రాబుద్ధికాక అనేశానన్నయ్యా. తర్వాత ఆ దూరం తగ్గించడం నా వల్ల కాలేదు."

"సాయంత్రం అదే విమానం తిరిగొస్తుంది. వచ్చేవాళ్లకీ నేనే పెట్టాను. ఎక్కు."

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.

పొద్దు వాలేవేళకు ఇల్లు చేరాడు. అక్క కళ్లు తెరిచింది.

"చిన్నోడు?"

"బయల్దేరాడక్కా."

"ఎంతసేపు పడుతుందిరా?"

నిజం చెబితే ఇన్నేళ్లూ వాడు ఎంత దగ్గరున్నాడో తెలిసిపోతుంది. దేవుడా, ఏది పాపం? నువ్వైనా చెప్పవేం?

"రెండు పూటలు," అన్నాడు.

"పాపం, అలిసిపోయొస్తాడు. కూర్చోడానికి చోటుండాలిగా," అంటూ అక్క ఉన్న ఓపికంతా కూడదీసుకుని గోడవైపు జరిగింది.

విమానం దిగిందని ఫోన్‌లో చూసుకుని తలెత్తేసరికి అక్క కన్నుమూసింది. తెల్లారినా వీధి తలుపు ఎవరూ తట్టలేదు. గోడవైపు ఆమె ఒదిగిన చోట దుప్పటి నలిగి గుంటపడింది. ఇవతలి సగం మీద ఒక్క ముడతైనా లేదు.